మునిగిన వెండి ఎవరిది?

పోయిన నెల సమాజం హాలులో శనివారం భజన అయిపోయాక చెప్పులు వెతుక్కుంటుంటే, మెట్ల మీద నలుగురు పిల్లగాళ్లు ఒక ఫోను చుట్టూ మూగి కనబడ్డారు. ఏం చూస్తున్నార్రా అని నేనూ తొంగి చూశాను. 2025 మే 25న కేరళ తీరానికి దూరంగా మునిగిపోయిన ఎమ్మెస్సీ ఎల్సా 3 అనే సరుకుల ఓడ వీడియో. ఆరు వందలకు పైగా కంటెయినర్లతో మునిగింది అది. వాటిలో కొన్ని తేలుకుంటూ కొల్లం, అలప్పుళ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. దగ్గరికి పోవద్దు, ముట్టుకోవద్దు, సరుకు ఎత్తుకుపోతే కేసు అవుతుంది అని అక్కడి అధికారులు అప్పుడే చెప్పారు.

"తాతా, సముద్రంల దొరికింది దొరికినోడిదే కదా? మరి వీళ్లెందుకు ఆపుతున్నరు?" అన్నాడు మా పక్క ఖోలీ వాళ్ల మనవడు.

"కాదురా. సరుకు ఎవరిదో వాళ్లదే."

"ఓడ మునిగినంక గూడనా?"

"మునిగినా గూడ."

వాడికి నమ్మకం కుదరలేదు. మెట్ల మీద నిలబడి చెప్పే ముచ్చట కాదు కాబట్టి, ఈ నెల రాసిపెడతాను చదువుకో అన్నాను. రాద్దామని కూర్చుంటే కేరళ ఓడ కాదు, ఇంకో ఓడ గుర్తుకొచ్చింది. అది మన బొంబాయి రేవు నుంచే బయల్దేరింది. దాని పేరు తిలావా.

ముందు పిల్లగాడి ప్రశ్న సంగతి చూద్దాం. పొద్దుటి పాళీకి పోతూ లోకల్ బండిలో టిఫిన్ డబ్బా మరచిపోయారనుకోండి. అది దొరికినవాడిది అయిపోతుందా? కాదు. మీ డబ్బా మీదే. మీరు వెనక్కి పోయి అడగకపోవచ్చు, అడిగినా దొరకకపోవచ్చు, అది వేరే మాట. సముద్రం విషయంలోనూ న్యాయం అదే. ఓడ మునిగిపోతే యజమాని హక్కు దానితోపాటు మునగదు. యజమాని పోతే వారసులకు పోతుంది. బీమా కంపెనీ నష్టం కట్టి ఉంటే ఆ సరుకు మీద హక్కు బీమా కట్టిన వాళ్లకు పోతుంది. మన దేశంలో 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం ఇదే చెప్పింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు ఎవరికి దొరికినా, రిసీవర్ ఆఫ్ రెక్ అనే అధికారికి తెలియజేయాలి. యజమాని ఏడాదిలోపు రుజువు చూపి, ఖర్చులు కట్టి తీసుకోవచ్చు. ఎవరూ రాకపోతే ప్రభుత్వానికి పోతుంది. 2025లో ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చారు గానీ, దొరికినవాడు జేబులో వేసుకుపోవచ్చు అని ఏ చట్టమూ అనదు.

మరి ప్రాణాలకు తెగించి, సొంత డబ్బు పెట్టి, సముద్రం అడుగు నుంచి సరుకు పైకి తీసేవాడికి ఏం దక్కాలి? దీనికి సముద్రం మీద పాత పద్ధతి ఒకటుంది. దాన్ని సాల్వేజ్ అంటారు. పైకి తీసినవాడు యజమాని కాడు, కానీ అతనికి బహుమానం దక్కాలి. ఎంత అన్నది సరుకు విలువ, పడ్డ కష్టం, పెట్టిన ఖర్చు చూసి కోర్టు చెబుతుంది. అయితే ఒక షరతు. సరుకు చేతికొస్తేనే పైసలు. ఏళ్ల తరబడి వెతికినా ఏమీ దొరకకపోతే ఒక్క పైసా రాదు. నేత ఖాతాలో పీసు రేటు మీద పని చేసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. సాంచా ఆగితే గుడ్డ లేదు, గుడ్డ లేకపోతే పగారు లేదు.

ఇక తిలావా. బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడ అది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1942 నవంబరు 20న బొంబాయి నుంచి ఆఫ్రికాకు బయల్దేరింది. ప్రయాణికులు, సిబ్బంది కలిపి 950 మందికి పైగా ఉన్నారు. ఎక్కువమంది మన దేశస్థులే. ఆఫ్రికాలో కొట్లు, ఉద్యోగాలు ఉన్నవాళ్లు, భర్తల దగ్గరికి పోతున్న ఆడవాళ్లు, పిల్లలు. ఓడ కడుపులో వేరే సరుకుతో పాటు 2,364 వెండి కడ్డీలు ఉన్నాయి. 60 టన్నుల బరువు. అప్పటి దక్షిణాఫ్రికా ప్రభుత్వం తన టంకశాలలో నాణేలు కొట్టడానికి కొన్న వెండి అది.

నవంబరు 23 తెల్లవారుజామున, అందరూ నిద్రలో ఉండగా, జపాను జలాంతర్గామి ఐ-29 టార్పెడో వేసింది. జనం పడవల్లోకి దూకారు. ఓడ వెంటనే మునగలేదు. మునగదేమో అన్న ఆశతో కొందరు మళ్లీ ఓడ దగ్గరికి వచ్చారు. అప్పుడు రెండో టార్పెడో తగిలింది. 280 మంది చనిపోయారు. మిగిలినవాళ్లు పడవల్లోనూ తెప్పల మీదా రెండు రోజులు ఎండలో, అలల మీద గడిపారు. బ్రిటిష్ యుద్ధనౌక బర్మింగ్‌హామ్ వచ్చి వాళ్లలో చాలామందిని ఎక్కించుకుని 27న బొంబాయికి చేర్చింది.

తర్వాత 75 ఏళ్లు ఆ వెండి హిందూ మహాసముద్రం అడుగున రెండున్నర కిలోమీటర్ల లోతున పడి ఉంది. 2017లో ఆర్జెంటమ్ ఎక్స్‌ప్లొరేషన్ అనే బ్రిటిష్ కంపెనీ యంత్రాలు దించి, నెలల తరబడి పనిచేసి, కడ్డీలన్నీ పైకి తీసింది. ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవుకు తెచ్చి అక్కడి రిసీవర్ ఆఫ్ రెక్‌కు అప్పజెప్పింది. వెండి విలువ నాలుగు కోట్ల డాలర్లకు పైమాటే. దక్షిణాఫ్రికా వచ్చి ఆ వెండి మాది అంది. నిజమే, మీదే, మేం పైకి తీశాం కాబట్టి మా బహుమానం మాకివ్వండి అంది కంపెనీ. మేం తీయమని అడిగామా, మేం ఒక దేశం, మా మీద మీ కోర్టులో దావా నడవదు అంది దక్షిణాఫ్రికా.

చూడండి, యజమాని ఎవరు అన్న తగవే లేదు ఇక్కడ. ఒక దేశాన్ని ఇంకో దేశం కోర్టులోకి లాగవచ్చా అన్నదే తగవు. బ్రిటన్‌లో 1978 నాటి చట్టం ప్రకారం మామూలుగా లాగకూడదు. కానీ ఆ దేశపు ఓడా, అందులోని సరుకూ వ్యాపారానికి వాడుతున్నవైతే లాగవచ్చు. తిలావా వ్యాపార ఓడే, అందులో అనుమానం లేదు. మరి వెండి? అది వ్యాపారానికి "వాడుతున్న" సరుకేనా?

2020లో లండన్ హైకోర్టు అవునంది. కిరాయి కట్టి వ్యాపార ఓడలో పంపారు కాబట్టి వెండి కూడా వ్యాపారపు వాడుకలో ఉన్నట్టే అన్నారు. 2022లో పై కోర్టు ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు అదే మాట అన్నారు, ఒకరు ఒప్పుకోలేదు. 2024 మే 8న బ్రిటన్ సుప్రీంకోర్టు దాన్ని తిరగేసింది. ఓడను వాడారు, నిజమే. కానీ ఓడ కడుపులో ఊరికే కూర్చున్న సరుకును ఎవరూ దేనికీ వాడటం లేదు, అది ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతోంది, అంతే. కాబట్టి దావా నడవదు అని తేల్చింది. అప్పటికే రెండు పక్షాలు బయట రాజీపడ్డాయి. అయినా ముందుముందు కేసులకు పనికొస్తుందని కోర్టు తీర్పు చదివింది.

లాతూరు నుంచి లారీలో పత్తి బేళ్లు వస్తున్నాయనుకోండి. లారీ పనిచేస్తోంది, డ్రైవరు పనిచేస్తున్నాడు. పత్తి పనిచేస్తోందా? బేలు విప్పి బ్లో రూములో వేసినప్పుడే కదా దాని పని మొదలు. సుప్రీంకోర్టు చెప్పింది అంతే. ఏడేళ్లు, పెద్ద పెద్ద వకీళ్లు, చివరికి "వాడటం" అనే ఒక్క మాట మీద నిలబడింది కేసు.

తిలావా ఒక్కటే కాదు. అదే 1942లో అక్టోబరు 1న సిటీ ఆఫ్ కైరో అనే ఇంకో ఓడ కూడా బొంబాయి నుంచే ఇంగ్లండుకు బయల్దేరింది. అందులో రెండు వేల పెట్టెల నిండా వెండి నాణేలు, సుమారు 100 టన్నులు. మన రూపాయలు. 1940లో సర్కారు రూపాయిలో వెండిని సగానికి తగ్గించి, పాత అచ్చ వెండి రూపాయల్ని వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టిన రోజులవి. మా అవ్వ ఊళ్లో ముంతలో దాచుకున్న రాణి రూపాయలు ఇవ్వనని మొండికేసిన కథ మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నవంబరు 6న జర్మను జలాంతర్గామి ఆ ఓడను దక్షిణ అట్లాంటిక్‌లో ముంచేసింది. వందమందికి పైగా పోయారు. అయిదు కిలోమీటర్లకు పైగా లోతు. 2013లో ఒక కంపెనీ ఆ నాణేలను చాలామటుకు పైకి తీసింది. అవి బ్రిటిష్ ఖజానావి, కాబట్టి బ్రిటన్ ప్రభుత్వంతో ముందే ఒప్పందం రాసుకుంది. నాణేలను ఇంగ్లండులో కరిగించి అమ్మి, ఇద్దరూ పంచుకున్నారు. మన చేతులు మారిన రూపాయలు, ఎవరి పగారో, ఎవరి కట్నమో, కరిగి కడ్డీ అయిపోయాయి.

కర్ణాటకలో ఉన్నవాళ్లకు గేరుసొప్ప పేరు తెలిసే ఉంటుంది, జోగ్ జలపాతం వైపు. ఆ పేరు పెట్టుకున్న ఓడ గేర్‌సొప్ప. 1940 డిసెంబరులో కలకత్తా నుంచి వెండి, ఇనుము, తేయాకు వేసుకుని పోతూ 1941 ఫిబ్రవరిలో ఐర్లండు దగ్గర మునిగింది. బతికి బయటపడింది ఒకే ఒక్కడు. ఆ వెండికి యుద్ధకాలపు బీమా కింద బ్రిటిష్ ప్రభుత్వం నష్టం కట్టింది కాబట్టి హక్కు ప్రభుత్వానికి వచ్చింది. 2012, 2013 సంవత్సరాల్లో ఒడిసీ అనే అమెరికా కంపెనీ 2,792 కడ్డీలు తీసింది. ఖర్చులు పోను వచ్చినదాంట్లో కంపెనీకి 80 శాతం, ప్రభుత్వానికి 20 శాతం. ముందే కాగితం రాసుకున్నారు కాబట్టి తగవు రాలేదు.

అదే ఒడిసీ కంపెనీ కాగితం లేకుండా చేసిన పని ఎట్లా అయిందో చూడండి. 2007లో అట్లాంటిక్ అడుగు నుంచి సుమారు 5,94,000 నాణేలు, 17 టన్నులు, తీసి విమానంలో అమెరికాకు చేర్చింది. ఓడ పేరు బయటపెట్టలేదు. స్పెయిను పట్టుకుంది. అది 1804 అక్టోబరు 5న ఇంగ్లీషు నౌకాదళం దాడిలో పేలిపోయిన మా యుద్ధనౌక మెర్సెడెస్ అని అమెరికా కోర్టులో దావా వేసింది. నాణేలు మా లీమా టంకశాలలో కొట్టినవి అని పెరూ వచ్చింది. ఆ ఓడలో సరుకు పంపిన వర్తకుల వారసులం అని ఇంకొందరు వచ్చారు. యుద్ధనౌక ఎన్నేళ్లు మునిగి ఉన్నా ఆ దేశానిదే, సరుకు ఓడతోపాటే పోతుంది అని కోర్టు తేల్చింది. 2012 ఫిబ్రవరిలో స్పెయిను వైమానిక దళం విమానాలు రెండు వచ్చి నాణేలన్నీ తీసుకుపోయాయి. కంపెనీకి సాల్వేజ్ బహుమానం దక్కలేదు.

ఈ మెర్సెడెస్ కథలో ఒక మనిషి ఉన్నాడు. దియేగో దె అల్వేయర్ అనే అధికారి. దక్షిణ అమెరికాలో ఏళ్లపాటు కొలువు చేసి, కుటుంబంతో స్వదేశానికి పోతున్నాడు. పని మీద తను, పెద్ద కొడుకు వేరే ఓడలో ఎక్కాల్సి వచ్చింది. భార్య, ఏడుగురు పిల్లలు మెర్సెడెస్‌లో. ఆ ఓడ పేలిపోవడం పక్క ఓడలోంచి కళ్లారా చూశాడు. ఇంత పెద్ద కేసులో ఇంత తవ్వినా, మనుషుల సంగతి ఇట్లా పక్కన ఒక వాక్యంలోనే వస్తుంది.

ఇన్ని తగవుల్లో నన్ను ఆపి కూర్చోబెట్టింది కొలంబియా తగవు. సాన్ హోసె అనే స్పెయిను ఓడ 1708 జూన్‌లో కార్తహేనా దగ్గర, ఇంగ్లీషు ఓడలతో పోరులో మునిగింది. సుమారు 600 మంది ఉంటే పదిపదిహేను మంది కూడా మిగల్లేదు. నిండా బంగారం, వెండి. మా సముద్రంలో ఉంది కాబట్టి మాది అంటుంది కొలంబియా. మా రాజు ఓడ అంటుంది స్పెయిను. 1980ల్లోనే మేం చోటు కనిపెట్టాం, సగం మాది అంటుంది ఒక అమెరికా కంపెనీ. 2015లో కొలంబియా ప్రభుత్వం మేమే కనిపెట్టాం అని ప్రకటించింది. 2025 నవంబరులో ఒక ఫిరంగి, ఒక పింగాణీ కప్పు, కొన్ని నాణేలు పైకి తెచ్చారు. తగవు నడుస్తూనే ఉంది.

వీళ్లందరి మధ్యలో బొలీవియా నుంచి ఖారా ఖారా అనే ఆదివాసులు వచ్చి నిలబడ్డారు. ఆ వెండి మా కొండది అన్నారు. పొతోసీ అనే కొండ. స్పెయిను రాజుల కాలంలో చుట్టుపక్కల ఊళ్ల నుంచి వంతుల వారీగా మగవాళ్లను పట్టుకుపోయి ఆ గనుల్లో తవ్వించారు. వెట్టి అనండి, ఇంకేమైనా అనండి. ఎంతమంది ఆ చీకట్లోనే పోయారో. ఓడ ఎవరిదో, సముద్రం ఎవరిదో అని మీరు కొట్లాడుకుంటున్నారు, దాన్ని తవ్వింది మా ముత్తాతలు, ఆ సంగతి ఎవరైనా అడిగారా అన్నది వాళ్ల మాట. చట్టంలో వాళ్లకు పెద్ద బలం లేదు. కానీ నేను చదివిన ఓడ తగవులన్నిటిలో, సరుకు తయారుచేసిన చేతుల తరఫున ఒకరు లేచి మాట్లాడింది ఇక్కడ ఒక్కచోటే.

సముద్రపు చట్టంలో మనుషుల లెక్క వేరుగా ఉంటుంది. సరుకు కాపాడితే బహుమానం. ప్రాణాలు కాపాడితే, కాపాడబడినవాడి దగ్గర ఒక్క పైసా తీసుకోకూడదు. 1989 నాటి అంతర్జాతీయ ఒప్పందం అదే చెబుతుంది. మంచిదే. ప్రాణానికి వెల కట్టి, డబ్బున్నవాణ్ణి ముందు తీసే రోజు రాకూడదు. కాపాడటం బాధ్యత, బేరం కాదు. కానీ దీనికి ఇంకో వైపు ఉంది. కోర్టు దాకా వచ్చే కథలన్నీ సరుకు కథలే అవుతాయి. పాత రోజుల్లో ఇంకా ఘోరం. "ఓడ కిరాయే జీతానికి తల్లి" అని ఇంగ్లీషువాళ్ల సూత్రం. ఓడ రేవు చేరి కిరాయి సంపాదిస్తేనే నావికుడికి జీతం. దారిలో మునిగిపోతే, ఈదుకుంటూ ఒడ్డుకు చేరినవాడికి కూడా చేసిన నెలల జీతం లేదు. 1854లో గానీ ఆ సూత్రాన్ని చట్టం నుంచి తీసెయ్యలేదు.

మా చాల్ కింద కిరాణా కొట్టు సేఠ్ ఉండేవాడు. గుజరాతీ మనిషి. సమ్మె రోజుల్లో, 1982లో, మా గల్లీలో ఎన్ని ఇళ్లకు ఉద్దెర మీద బియ్యం పోశాడో లెక్క లేదు. ఆయన నాయిన తిలావాలో పోయాడు. సేఠ్‌కు అప్పుడు ఆరేళ్లు. ఆఫ్రికాలో వాళ్ల చిన్నాయన కొట్లో పనికి చేరడానికి పోయాడట. రేవు దాకా పోయి సాగనంపి వచ్చారు. వారం తిరక్కముందే బతికినవాళ్లు తిరిగొచ్చారని తెలిసి వాళ్లమ్మ మళ్లీ రేవుకు పరుగెత్తింది. దిగినవాళ్లలో ఆయన లేడు. ఎవరినడగాలో, ఏ ఆఫీసుకు పోవాలో తెలియదు. యుద్ధకాలం, ఎవరూ ఏమీ చెప్పేవాళ్లు కాదు. టిక్కెట్టు ఆయన జేబులోనే పోయింది. ఇంట్లో ఒక్క కాగితం లేదు.

2024లో ఆ తీర్పు సంగతి పేపర్లో వస్తే నేనే తీసుకుపోయి చదివి వినిపించాను. సేఠ్‌కు అప్పటికి చూపు సరిగా లేదు. అంతా విన్నాడు. "కడ్డీలు ఎన్ని అన్నావు?" అని అడిగాడు. 2,364 అన్నాను. "ఒక్కటి కూడా తప్పకుండా లెక్క ఉంది చూడు" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. కాసేపాగి, "పేర్లు ఉన్నాయా అందులో?" అన్నాడు. లేవని చెప్పాను. సరే అని తలూపి, తూకం రాళ్లు సర్దుకున్నాడు. పోయిన ఏడాది ఆయనా పోయాడు.

2022 నవంబరు 23న తిలావా మునిగి 80 ఏళ్లు నిండినప్పుడు ఆ కుటుంబాల వాళ్లు ముంబైలో కలుసుకుని పోయినవాళ్లను తలుచుకున్నారు. ఎవరి తాత, ఎవరి మేనత్త ఎక్కారో ఒకరి దగ్గర ఒకరు అడిగి రాసుకున్నారు. సేఠ్‌కు ఆ సంగతి అయిపోయాక తెలిసింది. ముందే తెలిసి ఉంటే ఎత్తుకునైనా తీసుకుపోయేవాళ్లం.

నాకు ఇందులో దక్షిణాఫ్రికా మీద గానీ, వెండి తీసిన కంపెనీ మీద గానీ తగవేమీ లేదు. కొన్నవాడు వెండి అడిగాడు, కష్టపడ్డవాడు కూలి అడిగాడు. రెండూ న్యాయమే. ఇద్దరి దగ్గరా కాగితం ఉంది, అందుకే కోర్టు విన్నది. 75 ఏళ్ల తర్వాత కూడా కడ్డీల లెక్క ఎట్లా దొరికింది? బిల్లు ఆఫ్ లేడింగ్ అని ఓడకెక్కించినప్పుడు రాసే రసీదులు భద్రంగా ఉన్నాయి కాబట్టి. హక్కు సముద్రంలో మునిగినా బతుకుతుంది. కాగితం పోతే ఎండిన నేల మీదైనా చచ్చిపోతుంది.

ఇది మనకు కొత్త పాఠం కాదు. మా మిల్లు మూతపడ్డాక యంత్రాలు తుక్కు కింద లారీల్లో పోవడం గేటు బయట నిలబడి చూశాం. ఒక్కో సాంచాకు నంబరు, ఒక్కో మోటారుకు విలువ, అన్నీ రిజిస్టర్లో ఉన్నాయి. బదిలీ కార్మికుల పేర్లు అడిగితే, ఫలానా ఏడాది మస్టరు తడిసిపోయింది అన్నారు. మిల్లు దివాలా తీస్తే కార్మికులకు చట్టంలో చోటు లేదనుకోవద్దు. 2016 నాటి దివాలా చట్టంలో, ఆస్తులు అమ్మగా వచ్చిన డబ్బులో కార్మికుల 24 నెలల బాకీ, తాకట్టు పెట్టుకున్న బ్యాంకులతో సమానంగా ఒకే వరసలో ఉంటుంది. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ ఫండు సొమ్మయితే ఆ పంపకంలోకే రాదు, అది కార్మికుడిదే. ముంబైలో మాడా ఇళ్ల అర్జీకి 1982 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ మిల్లులో పనిలో ఉన్నట్టు రుజువు చూపిస్తే చాలు, కార్మికుడు పోయినా వారసులు అడగవచ్చు. చోటు ఉంది. ఆ చోట్లో నిలబడటానికి కాగితం కావాలి.

కాబట్టి ఈ నెల మీకు ఒక పని చెబుతున్నాను. ఇంట్లో సందూకు దించండి. పగారు చీటీలు, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ నంబరు ఉన్న చీటీ, మిల్లు గేటు పాసు, సర్వీసు సర్టిఫికెట్, నాయినదైనా తాతదైనా, ఏది దొరికితే అది ఒక సంచిలో పెట్టండి. ఫోటోలు తీసి పిల్లల ఫోన్లలో ఉంచండి. ఏ కాగితం దేనికి పనికొస్తుందో తెలియకపోతే ఆదివారం పొద్దున సమాజం లైబ్రరీకి తీసుకురండి, నేనుంటాను. కాగితం లేనివాళ్లు పేరు, ఊరు, మిల్లు, ఖాతా, చేరిన ఏడాది, పక్క సాంచా మీద పనిచేసిన ఇద్దరి పేర్లు ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. మస్టరు లేనిచోట సాక్షులే మస్టరు. వాళ్లు కూడా ఎన్నాళ్లుంటారో చెప్పలేం.

మా పక్క ఖోలీ మనవడికి జవాబు ఇదీ. దొరికినవాడిది కాదురా నాయనా. ఎవరిదో వాళ్లదే, చూపించుకోగలిగినంత కాలం. మీ తాత గేటు పాసు మీ అమ్మ పెట్టెలో అడుగున ఉంది, బట్టల కింద. నాకు తెలుసు, ఆ రోజుల్లో ఇద్దరం ఒకే పాళీ. వచ్చే ఆదివారం తీసుకురా.